రట్లాండ్‌ని మళ్లీ కలిపేస్తారట

లెస్టర్‌లో మా ఆఫీసుకి ఒక పెద్దాయన ఓకమ్ నుంచి రోజూ రైల్లో వస్తారు. "మాది లెస్టర్‌షైర్ కాదమ్మా, రట్లాండ్" అని ఎన్నిసార్లు సరిదిద్దారో లెక్కలేదు. మొదట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

ఇంగ్లండ్ పాత కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) అతి చిన్నది రట్లాండ్. 382 చదరపు కిలోమీటర్లు, 2021 లెక్కల్లో 41 వేల మంది. పట్టణాలు రెండే, ఓకమ్, అప్పింగమ్. రైల్వే స్టేషన్ ఒక్కటే. మిగతాదంతా పొలాలు, గొర్రెలు, రాతి ఇళ్ల పల్లెలు. 1970లలో గ్వాష్ అనే చిన్న ఏటికి ఆనకట్ట కట్టి పెద్ద జలాశయం చేశారు. నెదర్ హాంబుల్టన్ అనే ఊరు మునిగింది, గట్టు మీదున్న అప్పర్ హాంబుల్టన్ మిగిలింది.

ఊరు నీళ్లపాలైన ఆ దశాబ్దంలోనే, 1974 ఏప్రిల్ 1న, కౌంటీ కాస్తా లెస్టర్‌షైర్ పాలైంది. 23 ఏళ్లకు, 1997లో, అదీ ఏప్రిల్ 1నే, సొంత కౌన్సిల్ తిరిగొచ్చింది. (జోక్ కాదు, ఇక్కడి కౌన్సిళ్ల లెక్కల సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది.) మన జిల్లాకున్నట్టు కలెక్టర్ ఉండడు. బడులు, రోడ్లు, చెత్త, వృద్ధుల బాగోగులు, అన్నిటికీ ఎన్నికైన 27 మంది కౌన్సిలర్లే జవాబుదారీ.

2024 డిసెంబర్‌లో ప్రభుత్వం, చిన్న కౌన్సిళ్లను కలిపి పెద్దవి చేయాలంటూ శ్వేతపత్రం తెచ్చింది. చాలాచోట్ల కొత్త కౌన్సిళ్లకు 5 లక్షలో, అంతకు మించో జనాభా ఉండాలట. అంటే పన్నెండు రట్లాండ్‌లు కావాలి!

చిన్న కౌన్సిళ్లు నడపడం ఖర్చెక్కువ అంటారు. ఆ మాట అబద్ధమని అనను. దేశంలో కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను లాంటిది) బాగా ఎక్కువున్న చోట్లలో రట్లాండ్ ఒకటి. కానీ కలిపేస్తే ఏది తగ్గుతుంది? పల్లెకీ పల్లెకీ మధ్య దూరం తగ్గదు, సాయం కావలసిన ముసలివాళ్లు తగ్గరు. పోలీసు, ఫైర్ సర్వీసు ఇప్పటికే లెస్టర్‌షైర్‌తో ఉమ్మడివే. పంచుకోదగ్గవి ఎప్పుడో పంచుకున్నారు. ఇక తగ్గేది ఒక్కటే, గుంత పడిన రోడ్డు గురించి నేరుగా వెళ్లి నిలదీయగలిగే మనిషి. ఐదు లక్షల మందిలో ఓ పల్లె గొంతు ఎవరికి వినపడుతుంది?

మళ్లీ కలిపేస్తే ఏం చేస్తారని మొన్న ఆ పెద్దాయన్నే అడిగాను. టీ కప్పులోంచి తల కూడా ఎత్తలేదు. "పోయినసారి ఆ 23 ఏళ్లూ అడ్రస్‌లో రట్లాండ్ అనే రాశాను. ఉత్తరాలన్నీ వచ్చాయి" అన్నారు.