డేట్ వాయిదా బిళ్ళలు: కౌంటర్ దగ్గర అడగని ప్రశ్నలు

శ్రావణమాసం వచ్చిందంటే మెడికల్ షాపు కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుంది. "అన్నా, డేట్ వాయిదా పడే బిళ్ళలు ఇవ్వవా?" అన్న ఏమీ అడగడు. పది బిళ్ళల షీటు కవర్లో వేసి "పొద్దునొకటి, రాత్రొకటి" అంటాడు. అయిపోయింది వైద్యం.

వ్రతం రోజు పీరియడ్ రాకుండా వేసుకోవడం తప్పని అనను, ఎవరిష్టం వాళ్ళది. (ముహూర్తం పెట్టేముందు ఫంక్షన్ హాలు ఖాళీ ఉందో లేదో కనుక్కుంటారు, పెళ్ళికూతురి డేట్ మాత్రం చివరి వారంలో గుర్తొస్తుంది. అది వేరే గొడవ.) నాకు ఒళ్ళు మండేది ఆ ఇచ్చే తీరుకే.

ఆ బిళ్ళ నోరెథిస్టిరాన్, 5 ఎంజీ. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే కార్పస్ ల్యూటియం దాదాపు రెండు వారాలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. గర్భం నిలవకపోతే అది వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, ఆసరా పోయిన గర్భాశయం లోపొర ఊడి వస్తుంది. బయటి నుంచి ఈ బిళ్ళ రూపంలో అలాంటి హార్మోన్ అందుతున్నన్నాళ్ళూ పొర నిలబడుతుంది. మానేసిన రెండు మూడు రోజులకు ఊడుతుంది. అందుకే పీరియడ్స్ ఆపడానికీ, ఆగిపోయినవి రప్పించడానికీ రాసేది ఇదే మందు. ఇది తెలియక "అక్కకు ఆపడానికిచ్చారు, నాకు రావడానికిచ్చారు, షీటు మారిపోయిందేమో" అని కంగారుపడేవాళ్ళున్నారు.

లెక్క చూడండి. వ్రతం శుక్రవారం, డేట్ గురువారం. మామూలుగా డాక్టర్లు రాసేది డేట్‌కి మూడు రోజుల ముందు నుంచి, రోజుకు మూడు. అంటే సోమవారం పొద్దున మొదలు, ఎనిమిదేసి గంటలకొకటి, శుక్రవారం రాత్రి దాకా. పదిహేను బిళ్ళలు. చేతిలో ఉన్న షీటు గురువారం పొద్దుటికే ఖాళీ! పోనీ అన్న చెప్పినట్టు రోజుకు రెండే వేస్తే మందు చాలక మధ్యలో మరకలు మొదలవ్వచ్చు. ఇంకొందరు కడుపునొప్పి మొదలయ్యాక మింగుతారు. అప్పటికే ప్రొజెస్టిరాన్ పడిపోయి ఉంటుంది, ఊడటం మొదలైన పొరను బిళ్ళ తిరిగి అతికించలేదు. పీసీఓడీ ఉండి డేట్ ఎప్పుడో తెలియనివాళ్ళకు "మూడు రోజుల ముందు" అన్న లెక్కే కుదరదు.

అసలు భయపడాల్సింది వేరే. ఒంట్లోకి వెళ్ళాక ఇందులో కొంత భాగం ఇథినైల్ ఎస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 ఎంజీ వేసుకుంటే సుమారు 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ మింగినట్టే. మాలా-డి గర్భనిరోధక బిళ్ళలో ఉండేది 30. గర్భనిరోధక మాత్రకు చూసే జాగ్రత్తలన్నీ ఇక్కడా చూడాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా? కళ్ళ ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్ ఉందా? లివర్ జబ్బు, రొమ్ము క్యాన్సర్, కారణం తెలియని రక్తస్రావం? టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతున్నారా? ఆ మందులు దీన్ని త్వరగా కరిగించేస్తాయి, ఫలితం తగ్గుతుంది. రక్తం గడ్డకట్టే భయం ఉన్నవాళ్ళకు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ లాంటి ప్రత్యామ్నాయం ఉంది, కానీ అది డాక్టర్ తేల్చాలి. బిళ్ళలు వేసుకుంటూ హైదరాబాద్ నుంచి అమెరికా దాకా కూర్చున్నచోటే కూర్చుని వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి.

ఇంకో అపోహ, ఈ బిళ్ళలు వేసుకునే రోజుల్లో గర్భం రాదని. ఇలా నాలుగైదు రోజులు వేసుకుంటే గర్భం ఆగదు. అనుమానం ఉంటే మొదలుపెట్టే ముందే టెస్ట్ చేసుకోవాలి, మానేసిన వారానికీ పీరియడ్ రాకపోతే మళ్ళీ చేసుకోవాలి. అలాగే "డేట్ జరిపితే పిల్లలు పుట్టరు" అని అమ్మమ్మలు భయపెట్టేదీ నిజం కాదు. తర్వాతి డేట్ కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఇక రెండో షీటు కొన్నవాళ్ళ ఇంట్లో ఐదు బిళ్ళలు మిగులుతాయి. ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటాయి. వచ్చే నెల పక్కింటావిడ గృహప్రవేశానికి వెళ్ళేవి అవే, "పొద్దునొకటి, రాత్రొకటి" అన్న మాటతో సహా.