నమ్మించి నట్టేట ముంచారు

ఇరాన్‌లోని మహాబాద్ పట్టణంలో చార్ చిరా అనే కూడలి ఉంది. 1946 జనవరి 22న కుర్దు నాయకుడు ఖాజీ మహమ్మద్ అక్కడే, సొంత దేశం లేని జాతి కుర్దులకు ఓ రిపబ్లిక్‌ను ప్రకటించారు. 1947 మార్చి 31న ఆయన్ను అక్కడే ఉరితీశారు. తీర్పు రాసింది టెహ్రానే. కానీ ఆయన్ను ఆ ఉరికొయ్య దాకా నడిపించిన పాపంలో మాస్కోకు పెద్ద వాటా ఉంది.

1941 ఆగస్టులో సోవియట్, బ్రిటిష్ సేనలు ఇరాన్‌ను ఆక్రమించాయి. రెండు సేనల నడుమ మిగిలిపోయిన మహాబాద్‌లో ఇరాన్ రాజు రెజా షా అధికారం కుప్పకూలింది. మరుసటి ఏడాదే అక్కడి యువకులు కోమలా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. కుర్దు ఉద్యమాన్ని సోవియట్ తోలుబొమ్మ అని కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం. రెజా షా పాలనలో సొంత భాషలో చదువుకోనివ్వలేదు, సొంత బట్టలు కట్టుకోనివ్వలేదు. ఆ మంట ఎవరో నూరిపోస్తే పుట్టింది కాదు.

ఆ మంటను వాడుకున్నది మాత్రం బయటివాళ్లే. 1945లో కుర్దు నాయకుల్ని సోవియట్ అజర్‌బైజాన్ రాజధాని బాకూకు పిలిపించి, అక్కడి కమ్యూనిస్టు పార్టీ నేత బాగిరోవ్ సాయానికి మాటిచ్చారు. అచ్చుయంత్రం వచ్చింది, తుపాకులు వచ్చాయి. ట్యాంకులు రానేలేదు. ఇరాక్‌లోని కుర్దులూ కదిలితే తమ చమురుకు ముప్పని బ్రిటన్ వాళ్లను అసలు దగ్గరకే రానివ్వలేదు.

స్టాలిన్ చూపంతా ఉత్తర ఇరాన్ చమురు మీదే. 1946 ఏప్రిల్‌లో ఇరాన్ ప్రధాని ఖవామ్‌తో ఒప్పందం కుదిరింది. అందులో చమురు కంపెనీ ఉంది, సేనల ఉపసంహరణ ఉంది, ఇరాన్‌లోనే ఉన్న అజర్‌బైజాన్ ప్రాంతం గురించి కూడా ఓ మాట ఉంది. కుర్దుల పేరే లేదు. మే నెలలో సోవియట్ సేన వెళ్లిపోయింది. డిసెంబరులో ఇరాన్ సైన్యం మహాబాద్‌లో దిగింది. ఖాజీకి తప్పించుకునే వీలున్నా ఊరిని వదల్లేదు. ఆయన తమ్ముణ్నీ, మరో బంధువునూ కూడా ఆయనతోపాటే ఉరితీశారు. ఏ చమురు కోసం ఇంత జరిగిందో, ఆ ఒప్పందాన్ని 1947 అక్టోబరులో ఇరాన్ పార్లమెంటు తిరస్కరించింది.

ఏరు దాటాక తెప్ప తగలేయడం మాస్కోతో ఆగలేదు. 1975లో అప్పటి ఇరాన్ షా, ఇరాక్ నేత సద్దాం హుస్సేన్ అల్జీర్స్‌లో రాజీపడగానే ఇరాక్ కుర్దులకు ఇరాన్, అమెరికా సాయం ఆగిపోయింది. 2019లో అమెరికా సేన వెనక్కి తగ్గగానే ఉత్తర సిరియా కుర్దుల మీద టర్కీ దాడికి దిగింది. ఐసిస్‌తో పోరులో వేలమందిని పోగొట్టుకున్నవాళ్లు వాళ్లే.

కుర్దుల చేతికి తుపాకీ ఇచ్చే ఏ దేశమైనా, పోరు ముగిశాక వారి రక్షణకు తన పూచీ ఏమిటో ముందే కాగితం మీద పెట్టాలని మేము కోరుతున్నాం. ఆ కాగితం మీద కుర్దుల పేరు ఉండాలి.