కొలబద్ద ఎవరి చేతిలో

పుట్టిన బిడ్డ ఆడో మగో చెప్పడానికి ఒక్క చూపు చాలంటారు. ఆ చూపుకు తేలనప్పుడు కొలత తీసేవారు. సాగదీసిన అంగం రెండున్నర సెంటీమీటర్లకు తగ్గితే మగబిడ్డకు చాలదు, ఒక సెంటీమీటరు దాటితే ఆడబిడ్డకు ఎక్కువ. ఈ రెండు అంకెల నడుమ పడిన పసివాళ్లను దశాబ్దాలపాటు శస్త్రచికిత్స బల్ల ఎక్కించారు. చాలామందికి నొప్పి లేదు, జబ్బు లేదు. ఇబ్బందల్లా చూసేవాళ్లకే.

లింగమని మనం ఒక్క మాటలో తేల్చేది క్రోమోజోములు, గ్రంథులు, హార్మోన్లు, లోపలి అవయవాలు, బయటి అవయవాల కూడిక. ఎక్కువమందిలో ఇవన్నీ ఒకే మాట చెబుతాయి. ఇంటర్‌సెక్స్ వ్యక్తుల్లో తలో మాట చెబుతాయి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్తీనెస్ పాతిన్యో 1983లో హెల్సింకీలో లింగ పరీక్ష నెగ్గి, స్త్రీ అని ధ్రువపత్రం అందుకున్నారు. 1985లో కోబేలో జరిగిన విశ్వవిద్యాలయ క్రీడలకు ఆ కాగితం తీసుకెళ్లడం మరిచిపోయారు. మళ్లీ పరీక్షిస్తే ఆమె క్రోమోజోములు సాధారణంగా మగవారిలో ఉండే ఎక్స్‌వై అని తేలింది. దెబ్బ తగిలినట్టు నటించి తప్పుకోమన్నారు. మరుసటి ఏడాది జాతీయ పోటీల్లో పరుగెత్తితే సంగతి పత్రికలకెక్కింది. ఉపకారవేతనం, వసతి, రికార్డులు అన్నీ పోయాయి. నిజానికి మగ లక్షణాలు తెచ్చే హార్మోను టెస్టోస్టెరాన్‌కు ఆమె ఒంట్లోని కణాలు స్పందించవు. 1988లో అర్హత తిరిగి ఇచ్చారు. ఈ అయిదేళ్లూ ఆమె ఒళ్లు ఒకటే, కాగితాలే మారుతూ వచ్చాయి.

వ్యాకరణవేత్తలు మనకన్నా నయం. భార్య అనే అర్థంలోనే సంస్కృతంలో దార శబ్దం పుంలింగం, కళత్రం నపుంసకలింగం, భార్య స్త్రీలింగం. పేరుకు అంటించిన లింగం వేరు, మనిషి వేరని వారికి తెలుసు.

అలాగని అంతా సమాజం కల్పనేనని తేల్చేయలేం. 1950లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో మనస్తత్వవేత్త జాన్ మనీ బృందం చెప్పింది ఇంచుమించు అదే: ఏ లింగంగా పెంచితే బిడ్డ ఆ లింగానికి అలవాటు పడుతుంది, కాబట్టి ఊహ తెలియకముందే అవయవాలను సరిచేయాలి. పెంపకం మీద అంత నమ్మకం ఉన్నవారు అవయవాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉండనివ్వలేకపోయారు! ఆ పిల్లలు పెద్దవారై మచ్చల గురించి, పోయిన స్పర్శ గురించి, కొందరైతే తమను అడగకుండానే తీసేసిన సంతాన యోగ్యత గురించి మాట్లాడాక గానీ సిద్ధాంతానికి బీటలు పడలేదు.

మూత్రమార్గం మూసుకుపోతే కోయాల్సిందే. అడ్రినల్ గ్రంథి లోపంతో ఒంట్లో ఉప్పు పడిపోతున్న శిశువుకు వెంటనే మందు పడాల్సిందే. రూపం కోసం చేసే కోత మాత్రం ఆగగలదు. ఆ బిడ్డ పెరిగి, కావాలో వద్దో తానే చెప్పేదాకా. 2015లో మాల్టా ఈ మాటను చట్టం చేసింది. తల్లిదండ్రుల సమ్మతి బిడ్డ సమ్మతి కాదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. చాలా దేశాల చట్టాల్లో ఇంటర్‌సెక్స్ అన్న మాటే లేదు. కొన్నిచోట్ల ఉన్నా, ట్రాన్స్‌జెండర్ అన్న పదం కిందే సర్దేశారు. ఒకటి పుట్టుకతో వచ్చిన శరీర నిర్మాణం, మరొకటి తానెవరో మనిషికి తెలిసిన తీరు.

చిన్నప్పుడు హెర్నియా ఆపరేషన్ జరిగిందని నమ్మి పెరిగి, పాత ఆస్పత్రి కాగితాల్లో అసలు సంగతి చదువుకున్నవారున్నారు. చట్టాలు వచ్చేలోగా ఆస్పత్రులు చేయగల పని ఒకటుంది: ఆ కాగితాలను దాచకుండా, అవి ఎవరివో వారి చేతికివ్వాలి.