దగ్గితే గుండెపోటు తగ్గదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట నెల్లూరు నుంచి మా బావ, తర్వాత మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపు, తర్వాత నాతో ఇంటర్ చదివినోడు, నిన్న రాత్రి మా పిన్ని. అందరూ పంపింది ఒకటే: గుండెకి ట్యూబు వేయడమనేది 1990ల్లో అమెరికా కంపెనీలు స్టెంట్లు (రక్తనాళం మూసుకోకుండా లోపల పెట్టే సన్న జాలీ గొట్టాలు) అమ్ముకోడానికి పుట్టించిన వ్యాపారమంట, ట్యూబు తగిలితే గుండె బలహీనమైపోద్దంట, ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే డైతో కిడ్నీలు పోతాయంట, అల్లం వెల్లుల్లి నిమ్మరసం తాగితే 90 శాతం బ్లాక్ కూడా కరిగిపోద్దంట, గుండెపోటు వస్తే హాస్పిటల్‌కి పరిగెత్తకుండా గట్టిగా దగ్గుతా కూర్చోవాలంట. చెన్నైలో పదకొండేళ్లుగా క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గుండెకి ట్యూబు వేసి పరీక్షలు చేసే, స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌గా చేస్తున్నా, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా.

కంపెనీల వ్యాపారం అన్నారు కదా. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే చిన్న ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు, మూత్రనాళానికి వాడే సన్న గొట్టాన్ని తన మోచేతి దగ్గర సిరలోంచి తనకి తనే 65 సెంటీమీటర్లు, గుండె దాకా లోపలికి తోసుకుని, అలాగే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడుచుకుంటా వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. దాంతో ఆయనకి డబ్బులు కాదు, తిట్లొచ్చాయి, చివరికి యూరాలజీ చేసుకున్నాడు. నోబెల్ వచ్చింది 1956లో, ఆ పద్ధతిని ముందుకి తీసుకెళ్లిన కూర్నాండ్, రిచర్డ్స్ అనే డాక్టర్లతో కలిపి. ట్యూబు చివర బెలూన్ ఉబ్బించి గుండె రక్తనాళం మొదటిసారి తెరిచింది 1977 సెప్టెంబర్ 16న, జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. ఆ బెలూన్లు మొదట్లో ఆయన తయారుచేసుకుంది ఇంట్లో వంటగది బల్ల మీద. ఆ మొదటి పేషెంటుకి 38 ఏళ్లు, పదేళ్ల తర్వాత మళ్లీ యాంజియోగ్రామ్ (డై వేసి తీసే రక్తనాళాల ఎక్స్‌రే) తీస్తే ఆ చోటు తెరుచుకునే ఉంది. మనిషికి స్టెంట్ మొదట వేసింది 1986లో, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ డాక్టర్లు. ఇందులో 1990లు ఎక్కడ, అమెరికా కంపెనీ ఎక్కడ?

ట్యూబుతో గుండె బలహీనమవడం: మామూలు యాంజియోగ్రామ్‌లో ట్యూబు బ్లాకులుండే రక్తనాళాల మొదట్లోనే ఆగిపోద్ది. దాని మందం రెండు మిల్లీమీటర్లు. డై, కిడ్నీలు: జాగ్రత్త అవసరమే, అందుకే ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్షతో కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూస్తారు.

అల్లం వెల్లుల్లి సంగతి. బ్లాక్ అంటే సింకు పైపులో ఇరుక్కున్న అన్నం మెతుకులనుకుంటున్నారా? అది రక్తనాళం గోడలోనే పెరిగేది, కొంతమందిలో కాల్షియం చేరి ఎముకలా గట్టిపడుద్ది. అలాంటిదాన్ని అరగదీయడానికి వజ్రపు పొడి అద్దిన బర్ అనే బుల్లి డ్రిల్లు మొనని నిమిషానికి లక్షన్నర చుట్లు తిప్పుతాం, అప్పుడు కూడా కష్టమే. మీ నిమ్మరసం కరిగించేస్తదా? చారులో వేసుకోండి వెల్లుల్లి, ఎవరొద్దన్నారు.

ఇప్పుడు దగ్గు. ఇది పచ్చి అబద్ధమైతే నాకింత కోపం రాదు, దీని మూలం మాలాంటి క్యాథ్ ల్యాబే. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు ఒక కుర్రాడికి బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో, డై వేయబోతే ట్యూబు జారి అదంతా నేరుగా కుడి కరొనరీ అనే గుండె రక్తనాళంలోకి పోయింది, గుండె ఆగింది, ఆయన దగ్గు దగ్గు అని అరిచాడు, కుర్రాడు మూడు నాలుగు దగ్గులు దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. కరొనరీ యాంజియోగ్రఫీ, అంటే డై వేసి గుండె రక్తనాళాలు చూడడం, పుట్టింది ఆ పొరపాటులోంచే. ఇప్పటికీ డై వేసినప్పుడు కొట్టుకోవడం బాగా తగ్గితే మేం పేషెంట్లని దగ్గమంటాం. దగ్గితే ఛాతీలో ఒత్తిడి పెరిగి కాసేపు మెదడుకి రక్తం అందుద్ది. కానీ అక్కడ స్క్రీన్ మీద ఈసీజీ ఉంటది, పక్కన షాక్ మెషీన్ ఉంటది, గుండె ఆగిన ఆ క్షణమే తెలిసిపోద్ది. ఇంట్లో వచ్చే గుండెపోటులో గుండె ఆగలేదు నాయనా, కొట్టుకుంటానే ఉంది, గడ్డ పడి రక్తనాళం మూసుకుంది. దగ్గితే గడ్డ కదలదు. నిజంగా గుండె ఆగితే కొన్ని సెకన్లలో స్పృహ పోద్ది, ఇంక దగ్గేదెవరు?

పోయినేడు సూళ్లూరుపేట నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. నొప్పి మొదలైంది రాత్రి రెండింటికి. తెల్లారి ఏడు దాకా మంచం మీద కూర్చుని దగ్గుతానే ఉన్నాడంట, మధ్యలో అల్లం రసం. రక్తనాళం తెరిచాం, రక్తం చక్కగా పారింది. తర్వాత ఎకో (గుండె స్కానింగు) తీస్తే గుండె ముందు గోడ కదలట్లేదు, కండరం అప్పటికే చచ్చిపోయింది. బతికాడు, కానీ పది మెట్లు ఎక్కలేడు. కారిడార్లో కొడుకు ఫోన్ తీసి నాకు చూపించింది ఈ మెసేజే. ఆ అబ్బాయికి నేనేం చెప్పాలి?

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. అవసరం లేని స్టెంట్లు పడుతున్నాయి. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గడం, ఇలా నిలకడగా ఉన్న చాలామందికి స్టెంట్ వల్ల నొప్పి తగ్గుద్దిగానీ మందులకంటే ఆయుష్షు పెరగదని 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధనలు చెప్పాయి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలని హద్దు పెట్టేదాకా లక్ష పైన కట్టినోళ్లు ఎంతోమంది, వాళ్ల కోపం న్యాయమే. నొప్పి నిలకడగా ఉంటే ఇంకో డాక్టర్ని అడగండి, రిపోర్టులు పట్టుకుని పదిమందిని అడగండి. కానీ ఆ పరిశోధనలు చేసింది అప్పటికప్పుడు గుండెపోటుతో వచ్చినోళ్ల మీద కాదు. వాళ్లకి ఆలస్యమయ్యే ప్రతి నిమిషం గుండె కండరం చచ్చిపోవడమే.

పిన్నీ, బాబాయికి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కదా. ఆయన ఫోన్లోంచి ఆ మెసేజ్ తీసేసి, 108 ఎలా చేయాలో ఒకసారి చూపించు. రేపు సాయంత్రం డ్యూటీ అయ్యాక ఫోన్ చేస్తా.