గుమ్మంలో నిలబడ్డ డివిడెండు

మా తాత తోతాపురి మామిడిని నమ్ముకున్నాడు, మా నాన్న సినిమా హాలు ఎదుట సోడా అంగడిని నమ్ముకున్నాడు, నేను చట్టాన్ని నమ్ముకున్నాను. ముగ్గురిలో తెలివైనవాడు ఎవరో మా బంధువర్గంలో ఇప్పటికే తేలిపోయింది. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరుసగా నిలబెట్టుకుని కాచుకోగా, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు వేసి 12 రూపాయలైనా చేతికి వచ్చేలా చూడవలసి వచ్చింది. అంత తియ్యని పండుకు అంత చేదు గతి ఎందుకు పట్టిందా అని ఆలోచిస్తే నాకు తట్టిన కారణం ఒక్కటే: మామిడిని కొనితీరాలని ఏ చట్టంలోనూ లేదు. ఆ వేసవిలోనే తోటలో నా వంతు అమ్మేసి, ఆ సొమ్ముతో గార్డులను, తనిఖీ యంత్రాలను సరఫరా చేసే ఒక భద్రతా సంస్థ వాటాలు కొన్నాను. ఆ సంస్థ పేరు మాత్రం అడగకండి. చెబితే మీరూ కొంటారు, ధర పెరుగుతుంది, నేను కొనవలసినవి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

ఈ వ్యాపారంలో డబ్బు పెట్టినవాడు పొద్దున్నే లేచి చూడవలసింది కంపెనీ లెక్కల కన్నా చట్టసభల వార్తలని నాకు త్వరలోనే అర్థమైంది. బ్రిటన్‌నే తీసుకోండి. 2017 మే 22న మాంచెస్టర్ ఎరీనాలో కచేరీ ముగిసిన వేళ బాంబు పేలి 22 మంది చనిపోయారు. వారిలో ఒకడైన మార్టిన్ హెట్ తల్లి ఏళ్ళ తరబడి పోరాడగా, జనం చేరే ప్రాంగణాల రక్షణ కోసం 2025 ఏప్రిల్ 3న అక్కడ ఒక చట్టం రాజు ఆమోదముద్ర పొందింది. దానిని అందరూ మార్టిన్ చట్టమనే పిలుస్తారు. ఆ తల్లికి చేతులెత్తి నమస్కరించాను. నమస్కారం అయిపోయిన వెంటనే ఆ చేతులతోనే కాలిక్యులేటరు అందుకున్నాను. 800 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది చేరే ప్రాంగణాలు దాడి జరిగే అవకాశాన్ని తగ్గించే ఏర్పాట్లు కూడా చేసుకోవాలి. మాట వినకపోతే జరిమానా 1.8 కోట్ల పౌండ్ల దాకా, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 5 శాతం దాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది వేయవచ్చు. అమ్మకాల విభాగంలో వందమంది కుర్రవాళ్ళు టైలు కట్టుకుని ఏడాదంతా తిరిగినా చెప్పలేని మాటను ఆ ఒక్క వాక్యం చెప్పేసింది.

అయితే ఆ చట్టంలో ఒక వాటాదారుడిగా నన్ను బాధపెట్టిన అంశం కూడా ఉంది. 200 నుంచి 799 మంది దాకా చేరే చోట్లలో కొత్తగా పరికరాలేవీ బిగించనక్కర లేదట. ప్రమాదం వస్తే జనాన్ని బయటికి ఎలా పంపాలి, బయటే ప్రమాదం ఉంటే లోపల ఎక్కడ కూర్చోబెట్టాలి, తలుపులు ఎప్పుడు మూయాలి, ఎవరికి ఏమని చెప్పాలి అన్న పద్ధతులు ముందే అనుకుని సిబ్బందికి నేర్పితే చాలునట. ఆలోచించడం, నేర్పడం, గుర్తుపెట్టుకోవడం! వీటిలో దేనికైనా జీఎస్టీ బిల్లులో సరుకుకు వేసే హెచ్ఎస్ఎన్ కోడు ఉందా, వార్షిక నిర్వహణ ఒప్పందం ఉందా? పైపెచ్చు, జనం సిద్ధపడడానికని కనీసం 24 నెలల గడువు ఇచ్చారు. భయం వేడిగా ఉన్నప్పుడు అమ్ముడుపోయే సరుకును రెండేళ్ళు చల్లారబెట్టడం ఎంత అన్యాయమో వడలు అమ్మినవాడికైనా తెలుస్తుంది.

అందుకే నాకు తెల్లవాళ్ళ చట్టం కన్నా మన చట్టం మీదే గురి. హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగిన 2013లోనే ఉమ్మడి రాష్ట్రం ప్రజా భద్రత చర్యల అమలు చట్టాన్ని తెచ్చింది. వందమంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఒక్కసారిగా చేరే అవకాశమున్న సంస్థలు లోపలికి వచ్చేవారిని తనిఖీ చేసే ఏర్పాట్లు పెట్టుకోవాలి, సీసీ కెమెరాలు బిగించాలి, వాటి దృశ్యాలను 30 రోజులు దాచాలి. బ్రిటన్ 2025లో 200 దగ్గర ఆగింది. మనం అంతకు పన్నెండేళ్ళ ముందే 100 దగ్గరికి దిగిపోయాం. తిరుపతిలో వందమంది అంటే ఎంత? కపిలతీర్థం దగ్గర బస్సు ఆగితే వంద. చవితినాడు ఉండ్రాళ్ళు పంచితే వంద. మా వీధిలో నీళ్ళ ట్యాంకరు వచ్చినా ఇంచుమించు అంతే. ఇంతటి విశాలమైన విపణిని ముప్పై రోజుల హార్డ్ డిస్కుతో సహా చేతికి అందించిన శాసనసభకు వాటాదారులు ఇంతవరకు ఒక సన్మానమైనా చేయకపోవడం కృతఘ్నత.

నా పెట్టుబడి ఎలా పనిచేస్తోందో కళ్ళారా చూడాలని, మొన్న మాఘమాసంలో తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణ మండపానికి దూరపు బంధువుల పెళ్ళికి పోయాను. గుమ్మానికి నాలుగడుగుల ముందు మెటల్ డిటెక్టరు నిలబడి ఉంది. పెళ్ళివారు దానిని రెండో ద్వారబంధం అనుకున్నారు కాబోలు, అడ్డంగా మావిడాకుల తోరణం కట్టి, రెండు పక్కలా అరటిబోదెలు ఆనించారు. మా తాత పంట చివరికి భద్రతా రంగంలోకి ప్రవేశించినందుకు నా కళ్ళు చెమర్చాయి. వడ్డాణాలు, వంకీలు, ముప్పావు శేరు గాజులతో ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు దాటుతుంటే ఆ యంత్రం ఆపకుండా కీచుమంటూనే ఉంది, నాదస్వరం వాళ్ళు పాపం రెండుసార్లు శ్రుతి సరిచూసుకున్నారు. ఎవరూ ఆగలేదు, ఎవరినీ ఎవరూ ఆపలేదు. కాసేపటికి జ్యూసు కౌంటరు కుర్రవాడు మిక్సీ వేశాడు. రెండింటికీ ఒకటే ప్లగ్గు బోర్డు కావడంతో యంత్రం కళ్ళు మూసుకుంది. మిక్సీ ఆగినప్పుడల్లా మళ్ళీ తెరిచింది. ఆ రాత్రి దానిమ్మ రసం తాగిన ప్రతివాడికీ కొంత భద్రత తగ్గిందన్నమాట.

గార్డుకు అరవై దగ్గర పడి ఉంటుంది. చొక్కా భుజాలు మోచేతుల మీదికి జారుతున్నాయి, ఈల తాడు మాత్రం కొత్తది. పాకాల పక్క పల్లెలో శెనక్కాయ వేసేవాడట, బోరు ఎండిపోయాక ఇటు వచ్చాడట. చేతిలోని కర్రలాంటి డిటెక్టరును నా చుట్టూ దిష్టి తీసినట్టు మూడుసార్లు తిప్పి, "పోండి సామీ" అన్నాడు. అది మూగగా ఉండడం చూసి బ్యాటరీ లేదా అని అడిగాను.

"బ్యాటరీ ఉంటే కుయ్యిమంటాది సామీ, పెండ్లికొచ్చినోళ్ళు బెదురుకుంటారు. ఇట్లుంటే మర్యాదగా ఉంటాది."

ప్రైవేటు భద్రతా ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం గార్డు అనేవాడికి వంద గంటల తరగతి పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ, అది కూడా కనీసం 20 పనిదినాల మీద ఇవ్వాలి. జన సమ్మర్దాన్ని అదుపు చేయడం, ప్రథమ చికిత్స, నాటు బాంబుల గుర్తింపు, పోలీసు, సైనిక దళాల హోదా చిహ్నాలు, ఇవన్నీ అందులో పాఠాలే. మీకు ఏం నేర్పారని పెద్దాయనను అడిగితే, "నేర్పినారు సామీ, సార్లొస్తే ఇట్ల లెయ్యాల, ఇట్ల చెయ్యెత్తాల" అని లేచి చేసి చూపించాడు. సెల్యూటు నిజంగా బాగుంది. హోదా చిహ్నాల పాఠం ఒక్కటైనా పూర్తయిందని సంతోషించాను. తక్కినవి చెప్పాలంటే పాఠం చెప్పేవాడికి జీతం ఇవ్వాలి, పాఠం వినే 20 రోజులు గార్డును గుమ్మంలో నిలబెట్టలేము, నిలబెట్టని గార్డుకు బిల్లు వేయలేము. నా వాటా విలువ ఆ 160 గంటల్లో దాగి ఉందని నాకు అప్పుడే తెలిసింది. చట్టం నియమాన్ని రాస్తుంది, కంపెనీ రిజిస్టరును రాస్తుంది, రెండూ చక్కని దస్తూరీతో సరిపోతాయి.

ఆ పన్నెండు గంటల డ్యూటీకి తన చేతికి ఎంత వస్తుందో పెద్దాయన చెప్పాడు. అదే గార్డుకు తాము ఎంత కడతామో మండపం మేనేజరు చెప్పాడు. పీఎఫ్, 3.25 శాతం యజమాని ఈఎస్ఐ వాటా, సర్వీసు చార్జీ, ఆపైన 18 శాతం జీఎస్టీ అంటూ మేనేజరు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఆ రెండు అంకెల నడుమ ఉన్న ఇరుకు సందులోనే మా వాటాదారులందరం కాపురం ఉంటున్నాం. నిజం చెప్పాలంటే గార్డుల మీద మిగిలేది తక్కువే. పరికరాలు, వాటి మరమ్మతు ఒప్పందాలు ఉండబట్టి మా ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

మా సంస్థ ఇంకా చెయ్యి పెట్టని గని ఒకటి ఈ ఊళ్ళోనే ఉంది. ఏటా మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో జనం బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గు, దొరవేషానికి చందనం పూసుకుంటారు. మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, సవరాలు పెట్టుకుంటారు. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాను గుడి ముందు బిగిస్తే ఏమవుతుందో ఊహించండి. ఒకే మనిషి మొదటి రోజు తెల్లగా, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత నల్లగా, చివరికి పచ్చగా కనబడితే యంత్రం నలుగురు అపరిచితులను నమోదు చేస్తుంది. తలకొక్కింటికి రుసుము వసూలు చేసే ఒప్పందం రాసుకుంటే ఆ వారం రోజుల ఆదాయం నాలుగింతలు. వేషగాళ్ళు ఎదురైనవాళ్ళను బూతులు తిట్టడం ఆనవాయితీ కాబట్టి, కెమెరాకు శబ్దం రికార్డు చేసే వసతిని మాత్రం ఉచితంగా కూడా ఇవ్వవద్దని సంస్థకు ఉత్తరం రాశాను.

భద్రత అక్కరలేదని ఈ ఊళ్ళో అనేవాడు ఎవడూ లేడు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర క్లేమోర్ మందుపాతరలు పేలి, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గాయాలతో బయటపడ్డ సంగతి మేమెవరం మరచిపోలేదు. కొండకు పోయే ప్రతి బండీ అక్కడ ఆగి తనిఖీ అయ్యాకే కదులుతుంది. నా మనసును కలవరపెడుతున్నది వేరే లెక్క. 2025 జనవరి 8న ఇదే తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్ళ సంచుల్లో ఏ యంత్రమూ కుయ్యిమనే వస్తువు ఉండి ఉండదు. దుప్పట్లు, నీళ్ళ సీసాలు, ఆధార్ కార్డులు ఉంటాయి, అంతే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో మంటలు లేచి 59 మంది ఊపిరాడక పోయింది కూడా లోపలికి ఎవరో ఏదో తెచ్చినందుకు కాదు, బయటికి దారి లేనందుకు. అదనంగా వేసిన కుర్చీలు ఆ దారిని మూసేశాయి.

జనం చచ్చేది బయటికి పోలేక, మేము అమ్మేది లోపలికి రానివ్వకపోవడం. ఈ చిన్న తేడాను ఏ చట్టసభ సభ్యుడైనా గమనిస్తే నా వాటాల గతి ఏమిటి? గేటు ఒక్కసారిగా తెరవకుండా వరుసలను విడగొట్టడం, పక్క తలుపులు ఖాళీగా ఉంచడం, ఎంతమంది పడతారో అంతమందినే పిలవడం, వీటిని చట్టం గట్టిగా పట్టుకుంటే అమ్మడానికి సరుకే ఉండదు. ఖాళీ స్థలానికి స్టిక్కరు ఎక్కడ అంటించాలి? ఆ పెళ్ళి మండపంలో పక్క తలుపుకు గొలుసు వేసి తాళం పెట్టారు, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలు మనిషెత్తున పేర్చారు. ఆ కుర్చీల దొంతర మీదికి తిప్పిన కెమెరా మాత్రం ఎర్రటి చుక్కతో వెలుగుతూ ఉంది. కుర్చీలు అక్కడే ఉన్నాయని 30 రోజుల పాటు సాక్ష్యం భద్రంగా ఉంటుంది.

నా వంతు కర్తవ్యంగా, వందమంది పరిమితిని నలభైకి తగ్గించమని కోరుతూ ప్రభుత్వానికి ఒక వినతిపత్రం సిద్ధం చేశాను. టిఫిను సెంటర్లు, ట్యూషన్లు, మంగలి దుకాణాల్లో ఆదివారం పొద్దు, ఇంకా ఎన్నో వెనుకబడిన రంగాలు అప్పుడు భద్రత పరిధిలోకి వస్తాయి. అయితే పోయిన వారం మా అమ్మాయి సీమంతం మాట్లాడడానికి అదే మండపానికి మళ్ళీ పోయినప్పుడు, మేనేజరు కొత్త రేట్ల కాగితం చేతిలో పెట్టాడు.

"వందలోపైతే మినీ హాలు సార్, సెక్యూరిటీ చార్జీ వెయ్యం. వంద దాటితే పెద్ద హాలు, మెటల్ డిటెక్టరు, ఇద్దరు గార్డులు, దాని మీద జీఎస్టీ."

ఇంటికి వచ్చి మా ఆవిడ రాసిన పిలుపుల జాబితా తీశాను. నూట పన్నెండు పేర్లున్నాయి. తొంభై తొమ్మిదో పేరు కింద ఎర్ర సిరాతో గీత గీశాను. వినతిపత్రం ఇంకా సొరుగులోనే ఉంది. గీత కిందికి పోయిన పదమూడు మందిలో మొదటివాడు నాకు ఆ వాటాలు కొనిపెట్టిన బ్రోకరు.