మోడెం వేగానికి మేనత్త అనుమతి

ఇంటి ఫోను లైను మీదే ఇంటర్నెట్ నడిచిన డయలప్ కాలంలో ఫైళ్ల వేగం పెంచడానికి కోనసీమ చేసిన కృషికి ఇంతవరకూ ఒక్క సన్మానమూ జరగలేదు. ఈ అన్యాయాన్ని ప్రభుత్వం దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మనవాళ్లు ముందు డబ్బుతో ప్రయత్నించారు. కంప్యూటర్ని ఫోను తీగకి కలిపే మోడెంలో 28.8ది (సెకనుకి ఇన్ని వేల బిట్లు) తీసేసి 33.6, అదీ తీసేసి 56కే. ఆ 56 రావాలంటే అవతల ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లది డిజిటల్ లైనై ఉండాలి, ఇవతల తీగ శుభ్రంగా ఉండాలి. ఆ 56కే ప్రమాణం వి.90లో అదీ దిగేవాటికే. మనం పంపేది 33.6 దాటదు. కొబ్బరిచెట్ల మధ్య వేలాడుతూ, వానకి తడిసి, ప్రతి జాయింటులో చిలుము పట్టిన తీగ ఇవేవీ చదువుకోలేదు. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు చేలకి ఎంత చేరుతుందో తెలిసిన రైతు కూడా మోడెం విషయంలో అట్టపెట్టె మీది అంకెనే నమ్మాడు.

తర్వాత శాస్త్రం. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎక్స్‌మోడెం 128 బైట్లు పంపి, అవతలివాడు ‘అందింది’ అనేదాకా చేతులు కట్టుకు కూర్చునేది. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ తయారుచేసిన జెడ్‌మోడెం అలా ఆగదు. లైను తెగితే మిగిలిన ముక్క మాత్రమే తెస్తుంది. మా వైపు లైన్లు చూశాకే రాశాడని నా గట్టి అనుమానం. జిప్ చేసిన ఫైలుని మోడెం ఇంకా కుదిస్తుందని ఆశపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడుకోవద్దు.

అసలు ఆటంకం బంధుత్వం. 28.8లో ఒక ఎంబీ దిగడానికి, అంతా సవ్యంగా ఉంటే, అయిదారు నిమిషాలు. ఆ కాసేపట్లో వెనక వసారాలో అదే లైనుకి తగిలించిన పారలల్ ఫోను ఎత్తని మేనత్త గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. ఎత్తి, ఆ కీచు విని, “ఒరే అబ్బాయ్, ఫోన్లో ఎవరో ఏడుస్తున్నార్రా!” అని పెట్టేసేది. ఈలోగా ఇక్కడ లైను తెగేది. ఏడుపు ఆగిందో లేదో చూడ్డానికి మళ్లీ ఎత్తేది.

అందుకే పరిశోధనంతా అర్ధరాత్రికి మారింది. ఆ వేళ ఎస్టీడీకి, అంటే దూరపు ఊళ్ల కాల్‌కి, పావు చార్జీ అని బయటికి చెప్పుకున్నారు గానీ, అత్తయ్య నిద్రపోవడం వల్ల పెరిగే వేగాన్ని ఏ మోడెం కంపెనీ తేలేకపోయింది.

కనుక అమలాపురంలో వెంటనే ఒక విచారణ కమిటీ వెయ్యాలి. అందులో ఒక మేనత్తకి, ఫోను ఎత్తే హక్కుతో సహా, శాశ్వత సభ్యత్వం ఇవ్వాలి. నివేదికను పట్టపగలు, డయలప్‌లోనే పంపాలి. మూడొందల పేజీలు రాసే అలవాటు ఎలా పోదో చూద్దాం.