వరల్డ్ కప్ ఫోటో పెట్టి డ్యూరాండ్ కథ చెబితే ఎలా?

నాలుగు రోజులుగా మా గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. మొదట బ్రాడీపేటలో ఉండే మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా అది అపార్ట్‌మెంట్ గ్రూపుకి పాకింది. మర్నాడు పొద్దున బీఆర్ స్టేడియంలో వాకింగ్‌కి వెళ్తే అక్కడి బ్యాచ్ కూడా దాని గురించే మాట్లాడుకుంటోంది. అందులో ఉన్నది ఇదీ:

"డ్యూరాండ్ కప్ ప్రపంచంలోనే మూడో పాత ఫుట్‌బాల్ టోర్నీ. మనవాళ్లకు ఆట నేర్పడానికి బ్రిటిష్ వాళ్లు పెట్టారు. 1911 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ ఉత్తి కాళ్లతో ఆడి తెల్లవాళ్లను ఓడించింది. అప్పటినుంచి కప్పు కలకత్తా దాటి బయటికి పోలేదు. తెలుగువాళ్లు ఒక్కసారి కూడా గెలవలేదు, మనకి క్రికెట్, సినిమా తప్ప ఏం పట్టవు. గెలిచిన జట్టుకు ఒకటి కాదు, మూడు కప్పులిస్తారు. నిజమైన భారతీయుడైతే షేర్ చెయ్యి."

ముందు ఫోటో సంగతి. ఫార్వర్డ్‌తో పాటు వచ్చిన బొమ్మలో కప్పు బంగారు రంగులో మెరిసిపోతోంది. ఇద్దరు మనుషులు మెలి తిరుగుతూ పైకి లేచి భూగోళాన్ని మోస్తున్నట్టు ఉంది. అడుగున రెండు ఆకుపచ్చ పట్టీలు. అది ఫిఫా వరల్డ్ కప్పు. ఖతార్‌లో మెస్సీ ముద్దు పెట్టుకున్నది దాన్నే. ఆ ఒక్క ఫోటో చూసైనా మిగతా రాతను అనుమానించాల్సింది.

ఇక "మూడో పాత టోర్నీ". ఇది వాట్సాప్ వాళ్లు పుట్టించింది కాదు, పేపర్లలోనూ ఏళ్ల తరబడి ఇలాగే రాస్తూ వచ్చారు. డ్యూరాండ్ మొదలైంది 1888లో. ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ అంతకంటే పాతది, దాని మొదటి ఫైనల్ 1872 మార్చిలో లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగింది. స్కాటిష్ కప్ 1873లో మొదలైంది. ఇక్కడిదాకా లెక్క సరిగ్గానే వేసి, మూడో స్థానం డ్యూరాండ్‌కి ఇచ్చేశారు. మధ్యలో వెల్ష్ కప్, ఐరిష్ కప్ ఉన్నాయని ఎవరికీ గుర్తు రాలేదు. మొదటిది 1877లో, రెండోది 1880లో మొదలయ్యాయి, రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. జాతీయ స్థాయి కప్పులు మాత్రమే లెక్కేసినా డ్యూరాండ్ ఐదోది అవుతుంది. ఆసియాలో మాత్రం ఇదే అన్నిటికంటే పాతది. ఆ గొప్ప చాలదా?

"మనవాళ్లకు నేర్పడానికి" అన్నది పూర్తిగా ఊహ. సిమ్లా దగ్గర దగ్‌షాయ్‌లో మొదటి టోర్నీ ఆడినవి సైనిక పటాలాలు. గెలిచింది రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్. కప్పుకి పేరిచ్చిన మోర్టిమర్ డ్యూరాండ్ అప్పట్లో భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి. ఐదేళ్ల తర్వాత అఫ్గానిస్తాన్ సరిహద్దుకి గీత గీసి, డ్యూరాండ్ లైన్ అని తన పేరు మిగిల్చిన మనిషి ఈయనే. కొండల మీద దండులో ఉన్న సైనికులు ఒంట్లో చురుకు పోకుండా ఉండాలని పెట్టిన ఆట ఇది.

1911 ముచ్చట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. మోహన్ బగాన్ ఆ ఏడాది జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన మాట నిజం. శిబ్‌దాస్ భాదురి స్కోరు సమం చేస్తే, అభిలాష్ ఘోష్ గెలుపు గోల్ కొట్టాడు. పదకొండు మందిలో బూట్లు వేసుకున్నది ఒక్కడే. కానీ అది డ్యూరాండ్ ఫైనల్ కాదు. కలకత్తాలో జరిగే ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్. రెండూ పాతకాలపు కప్పులు, రెండింట్లోనూ ఎదుటివాళ్లు తెల్ల పటాలాలే కాబట్టి ఎవరో రెంటినీ ఒకే గాటన కట్టేశారు.

డ్యూరాండ్‌ను భారతీయ జట్టు గెలవడానికి ఆ తర్వాత ఇంకో 29 ఏళ్లు పట్టింది. 1940 డిసెంబర్లో ఢిల్లీలో మహమ్మదన్ స్పోర్టింగ్, రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. ఆ రోజు విజిల్ పట్టుకున్న రిఫరీ కూడా భారతీయుడే. మోహన్ బగాన్‌కి లేని ఘనత అంటగట్టి, మహమ్మదన్‌కి ఉన్నది ఊడబెరకడం ఏం న్యాయం?

ఆ తర్వాత యుద్ధం, ఆ వెనకే దేశ విభజన. 1940 తర్వాత తొమ్మిదేళ్లు డ్యూరాండ్ జరగలేదు. మళ్లీ 1950లో మొదలైంది. స్వతంత్ర భారతంలో అదే మొదటి డ్యూరాండ్. ఆ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు ఎత్తుకెళ్లింది ఎవరో తెలుసా? హైదరాబాద్ సిటీ పోలీస్.

"తెలుగువాళ్లు ఒక్కసారి కూడా గెలవలేదు" అన్న లైన్ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది ఇందుకే. 1950 ఒక్కటే కాదు. 1954లో మళ్లీ గెలిచారు. 1957లో మళ్లీ. 1961లో అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో నాలుగోసారి గెలిచింది. అవతల బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. వీళ్లందరి వెనక ఉన్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి స్కూలు టీచరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా తీసుకెళ్లింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి బంగారు పతకం తెచ్చింది కూడా ఆయనే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడాదే పోయాడు.

ఇక్కడ నేను కూడా ఒక మాట ఒప్పుకోవాలి. గుంటూరులో కూర్చుని 1950 కప్పు మాదే అనడం కొంచెం అతి. అప్పటికి మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, హైదరాబాద్ వేరే రాష్ట్రం. 1954లోనూ అంతే, కాకపోతే అప్పుడు మేం ఆంధ్ర రాష్ట్రం, హైకోర్టు మా ఊళ్లోనే. ఆ జట్టులో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామందే. 1957, 1961 నాటికి మాత్రం అందరం ఒకే రాష్ట్రం, జట్టు మన పోలీసులదే. ఎంత పిసినారిగా లెక్కేసినా "ఒక్కసారి కూడా" అన్న మాట నిలబడదు.

స్టేడియంలో ఒక మూల పొద్దున్నే కొంతమంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారు. చెరో పక్క రెండేసి ఇటుకలు పెడితే అదే గోల్. ఇద్దరికి బూట్లున్నాయి, మిగతావాళ్లు ఉత్తి కాళ్లే. పది నంబర్ జెర్సీ వేసుకున్న బుడ్డోడికి ఈ కథ చెప్తే ఆట ఆపేసి నోరు తెరిచాడు. "పోలీసులా? పోలీసులు ఫుట్‌బాల్ ఆడతారా అంకుల్?" అన్నాడు. ఈలోగా బంతి వాడి కాళ్ల మధ్య నుంచే ఇటుకలు దాటింది. టీమంతా కలిసి వాణ్ణి తిట్టారు, నన్ను కూడా కొంచెం గుర్రుగా చూశారు.

"కప్పు కలకత్తా దాటలేదు" అన్నదానికి సగం జవాబు పైనే వచ్చేసింది. మోహన్ బగాన్ 17 సార్లు, ఈస్ట్ బెంగాల్ 16 సార్లు గెలిచాయి, వాళ్ల పెత్తనం కాదనలేం. అయితే ఈమధ్య సంగతి చూడండి. 2019లో కేరళ జట్టు గోకులం, 2021లో గోవా, 2022లో బెంగళూరు. 2024 ఫైనల్ అయితే కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలోనే జరిగింది. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి మోహన్ బగాన్ 2-0తో ముందుంది. జనం గెలిచేసినట్టే అరుస్తున్నారు. గువాహటి జట్టు నార్త్ ఈస్ట్ యునైటెడ్ సెకండ్ హాఫ్‌లో రెండూ కొట్టేసింది. పెనాల్టీల్లో వాళ్ల గోల్‌కీపర్ గుర్మీత్ రెండు ఆపాడు, 4-3. సొంత ఊళ్లో, సొంత జనం ముందు బగాన్ ఓడింది. 2025లోనూ కప్పు గువాహటికే పోయింది.

మిగిలింది మూడు కప్పుల ముచ్చట. ఇది అచ్చంగా నిజం. గెలిచిన జట్టుకు డ్యూరాండ్ కప్, సిమ్లా ట్రోఫీ, ప్రెసిడెంట్స్ కప్ మూడూ ఇస్తారు. సిమ్లా ట్రోఫీని 1904లో ఆ ఊరి జనం ఇచ్చారు. మూడోది 1956లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇచ్చింది.

ఇదంతా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అరగంటకి బాబాయ్ ఫోన్ చేశాడు. "మొత్తం చదివాన్రా. మూడు కప్పులది కరెక్టేగా?" అన్నాడు. కరెక్టే బాబాయ్ అన్నాను. "మరి ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా!" అని పెట్టేశాడు.